తిప్పన్న ఇంటికి దారి

మూడు దినాలాయె మగ్గం నోరు మూసుకుని.
పడుగు తెగలేదు, పన్నె ఇరగలేదు,
కరెంటు కూడా ఉండాది.
పైన బిగించిన పెట్టెలో ఎర్రలైటు ఒకటే
రెప్ప కొట్టుకుంటా
ఉరవకొండలో మా వీధికి రాని భాషలో
ఏదో అడుగుతాంది.

సెల్లులు బాగుచేసే ఖాజావలిని పిలిచినా.
వేలు పెట్టి కూడబలుక్కుని చెప్పినాడు:
"గడువు అయిపోయిందంట పిన్నీ.
కొత్త తాళం కొనాలంట."
ఏం తాళం రా? దీనికి గొళ్ళెమే లేదు కదా?
"లోపల."
లోపల ఎవురిది?
"కంపెనీది."
కంపెనీ నంబరుకు చేస్తే
పెండ్లి షామియానాల వాళ్ళు ఎత్తినారు.
ముహూర్తం ఎప్పుడని అడిగినారు.

పెట్టె మాది.
నెలనెలా కట్టే కంతు మాది.
దాంట్లో నడిచే మాట మాత్రం బాడుగది.
బోరు నా చేన్లో వేసి
స్విచ్చి ఇంకెవురి గోడకో పెట్టినట్టు.

దాంట్లోనే ఉండాది మా అత్త శరణమ్మ అంచు.
రుద్రాక్షల నడుమ హంస,
ముక్కు రోంత వంకర.
తప్పు కాదు అది, గుర్తు.
ఆ వంకర చూసే షావుకార్లు
నీలకంఠప్ప ఇంటి చీర అనేవాళ్ళు.
ఆ అంచును గాజుపలక మీద బోర్లించి
పెట్టెలోకి ఎక్కించిన పొద్దు
టెంకాయ కొట్టింది మేమే.
ఇప్పుడు మా హంసను మేము చూడాలన్నా
దుడ్లు కట్టాల్సింది మేమే.

సొసైటీ సారు నవ్వినాడు.
"లోపలి రాత మొత్తం నీ చేతికిచ్చినా
చదవగలవా పంపావతీ?"

నిజమే సారూ, నాకు రాదు.
నా సంతకానికే ఒక చాయ తాగేంత సేపు పడుతుంది.

అట్టలకు బెజ్జాలు కొట్టేది కూడా
నాకు ఎప్పుడూ రాలేదు.
తిప్పన్న కొట్టేవాడు.
గళ్ళ కాగితం ముందర పరుచుకుని
ఒక కన్ను మూసి, టక్కు టక్కున.
హంసకు రెక్క పెంచాలంటే
ఏడు అట్టలు చంకన పెట్టుకుని పోయేదాన్ని.
ఈడ ఒకటి మూయి తిప్పన్నా, ఈడ రెండు కొట్టు.
వాళ్ళింటి ఎనుముకు కుడితి పెట్టే లోపల
పని అయిపోయేది.
ఒక ఏడు రేటు పెంచినాడని అలిగి
మూట నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోయినా.
యాడికి పోతాండావని కండక్టరు అడిగితే
యాడికికే అన్నా.
ఆ ఊర్లో పీరాసాబు కొట్టిచ్చినాడు.
ఇద్దరితోనూ కొట్లాడినా.
ఇద్దరూ పని చేసిచ్చినారు.

నాకు రాని పనిని
వచ్చినోళ్ళ కాడికి మోసుకుపోయే దారి సారూ,
నేను అడుగుతాండేది అదొకటే.

తిప్పన్న కొడుకు డిప్లొమా చదివినాడు.
పెట్టె చుట్టూ రెండు మార్లు తిరిగి
"నాకు చేతకాక కాదు అక్కా,
తెరిస్తే నేరమంట" అన్నాడు.
చేతనైనోడు చేతులు కట్టుకుంటే
చేతగాని దాన్ని నేనేం చేయాల?

సారు గడియారం చూసుకున్నాడు.

రాత్రి అటక మీద నుంచి
పాత అట్టల మూట దించినాం.
దారం కుళ్ళింది. దుమ్ముకు మా ఆయన
దగ్గి దగ్గి కూర్చున్నాడు.
పాత జకార్డుకు కిరసనాయిలు పూయాల,
కొక్కేలు సగం తుప్పు,
ఈ నెల కంతు యాడినుంచి కట్టాలో తెలీదు.
అయినా తెల్లారి ఏడు అట్టలు చంకన పెట్టుకుని
ఆ దారినే పోయినా.

తిప్పన్నకు ఇప్పుడు రెండు కండ్లూ ఆనవు.
మంచం మీద కూర్చుని
ఒక్కొక్క అట్టనూ ఒళ్ళో పెట్టుకుని
బొటనవేలితో తడిమినాడు
వరస వెంబడి వరస.
"శరణమ్మ హంస" అన్నాడు.
"ముక్కు నిలబెడతానంటే
మీయత్త ఒప్పుకోలేదు."
మళ్ళీ తడిమి, ఒక చోట వేలు ఆపి
మొగం చిట్లించినాడు.
"ఇదిగో, ఈ ఒక్క బెజ్జం నేను కొట్టింది కాదు."

ఎలక కొట్టింది.